మూడో కోర్టు వారు

1966 జూన్‌లో నేను వకీలుగా పేరు నమోదు చేయించుకుని, సనదు పట్టా అందుకుని, తార్నాకలో విఠల్ రావు సార్ దగ్గర జూనియర్‌గా చేరాను. ఆయన ఆఫీసు ఇంటి ముందు గదిలోనే ఉండేది. లా పుస్తకాల బీరువాలు మూడు, ఒక పెద్ద బల్ల, కక్షిదారులకు ఒక బెంచీ, నాకు చేతులు లేని ఒక కుర్చీ. సార్ ప్రాక్టీసు ఎక్కువగా సికింద్రాబాద్ సివిల్ కోర్టుల్లో సాగేది. వారానికి రెండు రోజులు పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌కు నడిచి వెళ్లి లా కాలేజీలో పాఠం చెప్పేవారు. నేనూ ఆ క్లాసులోంచి వచ్చినవాణ్నే. ఇప్పుడు రాస్తున్న సంగతి 1968 ఫిబ్రవరిలో మొదలైంది. తప్పు చేసినవాడికి తేదీలు బాగా గుర్తుంటాయంటారు. నా విషయంలో అది నిజమే.

ఆ ఆఫీసులో ఒక కట్టుబాటు ఉండేది. జడ్జీల పేర్లు ఎవరూ పలకకూడదు. కోర్టు హాళ్లకు నంబర్లుంటాయి కదా, ఆ నంబరుతోనే చెప్పాలి. ఒకటో కోర్టు వారు వాయిదా ఇచ్చారనో, మూడో కోర్టు వారు సెలవులో ఉన్నారనో అనాలి. బార్ రూములో, అంటే వకీళ్లు కూర్చునే గదిలో, మిగతావాళ్లంతా జడ్జీల గురించి పేరు పెట్టే మాట్లాడుకునేవారు. ఎవరు మెత్తన, ఎవరు గట్టి, ఎవరికి పొద్దున కోపం, ఎవరికి భోజనమయ్యాక కునుకు, అన్నీ పేర్లతో సహా చర్చకు వచ్చేవి. ఆ చర్చ సాగుతున్నంతసేపూ మా సార్ పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. నాకు ఆ నంబర్ల భాష వింతగా తోచేది. నంబర్లుండేది జైల్లో ఖైదీలకు కదా అని తోటి జూనియర్ల దగ్గర హాస్యమాడేవాణ్ని. ఇరవై నాలుగేళ్ల వయసు, కొత్త నల్లకోటు. ఆ రెండూ కలిస్తే తనకు ఎంత తెలివి ఉన్నట్టు అనిపిస్తుందో వేసుకున్నవాడికే తెలుసు.

కోర్టు నడవడిని సార్‌ను చూసి నేర్చుకోవలసిందే తప్ప ఆయన విడమరచి చెప్పింది తక్కువ. హాల్లోకి అడుగుపెట్టగానే బెంచి వైపు తల వంచేవారు. జడ్జి ఇంకా రాకపోయినా, కుర్చీ ఖాళీగా ఉన్నా వంచేవారు. ఎదుటి వకీలు నిలబడి మాట్లాడుతుంటే తాను కూర్చునే ఉండేవారు. తన కేసుకు అడ్డం వచ్చే హైకోర్టు తీర్పు ఏదైనా ఉంటే, ఎదుటివారు మరచిపోయినా తానే పుస్తకం తెరిచి చూపించి, అది ఈ కేసుకు ఎందుకు వర్తించదో ఆ తర్వాత వాదించేవారు. ఇంకొక పాత మర్యాద కూడా ఉంది, ఇప్పటివారు చాలామంది మరచిపోయారు. జడ్జి బెంచి మీద ఉండగా హాల్లో మిగిలిన ఆఖరి వకీలు లేచి వెళ్లిపోకూడదు. కోర్టును ఒంటరిగా వదలడం తప్పు. ఇంకొక వకీలు వచ్చేదాకా కూర్చోవాలి, లేదా జడ్జి స్వయంగా సెలవివ్వాలి. సార్ ఎన్నోసార్లు భోజనం వేళ దాటినా అలా కూర్చుండిపోవడం చూశాను. నేనైతే ఆఖరివాణ్ని కాకముందే జారుకునేవాణ్ని.

ఆ రోజుల్లో మూడో కోర్టులో ఉన్నవారు సార్ పాత విద్యార్థి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఊరి నుంచి వచ్చి క్యాంపస్ హాస్టల్లో ఉండి చదువుకునే కాలంలో ఆదివారం ఆదివారం సార్ ఇంటికి వచ్చేవారట. సార్ భార్య, మేమంతా అమ్మ అని పిలిచేవాళ్లం, ఆమె చేసిన జొన్నరొట్టెలు తిని, సాయంత్రం దాకా సార్‌తో లా మీద తగాదా పడి వెళ్లేవారట. ఈ సంగతులన్నీ అమ్మే నాకు చెప్పింది. ఆయన జడ్జిగా సికింద్రాబాద్‌కు వచ్చిన రోజు నుంచి రాకపోకలు లేవు.

అప్పట్లో నాకు అర్థం కాని ముచ్చట ఒకటి చెప్పాలి. సార్ రోజూ సాయంత్రం తార్నాక నుంచి క్యాంపస్‌లోకి ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా నడిచి వచ్చేవారు. మూడో కోర్టు వారి ఇల్లు నల్లకుంటలో. ఆయన అటు వైపు నుంచి క్యాంపస్‌లోకి నడకకు వచ్చేవారు. ఒక సాయంత్రం సార్ వెనకాల ఫైలు పట్టుకుని నేనూ నడుస్తున్నాను. మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆయన ముఖం విప్పారి రెండు అడుగులు ముందుకు వేశారు. సార్ చేతులు జోడించి, తల వంచి, ఒక్క మాటా మాట్లాడకుండా పక్కనుంచి సాగిపోయారు. మరుసటి రోజు నుంచి ఆ దారే మానేసి, హాస్టళ్ల వెనక బండల మధ్య నుంచి పోయే కాలిబాట పట్టారు. ఆ బాట మోకాళ్లకు మంచిది కాదని అమ్మ గొణిగేది. సార్‌కు పొగరు అనుకున్నాను నేను. శిష్యుడు పైకొస్తే గురువుకు కన్ను కుట్టిందేమో అని కూడా ఒక మూల అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇక కేసు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉండే రాజయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. భువనగిరి వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాలి కాబట్టి తార్నాకలో ఒక చిన్న ప్లాటు కొనుక్కున్నాడు. ప్లాటుకు పోవడానికి పన్నెండు అడుగుల బాట ఒక్కటే. పక్క ప్లాటు ఆసామి ఆ బాట తనదేనంటూ గోడకు పునాది తీశాడు. రాజయ్య ఉద్యోగం మే నెలాఖరుతో అయిపోతుంది. ఆ లోపల గోడలు లేపి, వానలు పడకముందే కప్పు వేసుకోవాలని అతని ఆశ. "తొవ్వ బందయితె బండి యాడికెల్లి పోతది సార్? ఇటుకలు నెత్తిన మోసుకపోవాల్నా?" అని బెంచీ మీద కూర్చుని అడిగాడు. సార్ దావా రాయించి, దాంతోపాటు గోడ కట్టకుండా తాత్కాలిక ఇంజంక్షన్ కోసం దరఖాస్తు వేశారు. దావా మూడో కోర్టుకు వచ్చింది.

అలా రావడంలో వింతేమీ లేదు. దావాలు ఏ కోర్టుకు పోవాలో ఆఫీసు వరస ప్రకారం పంచుతుంది. గురువు, శిష్యుడు అన్నంత మాత్రాన జడ్జి కేసు వినకూడదనీ లేదు. అలా అయితే మా సార్‌కు సికింద్రాబాద్‌లో నిలబడడానికి ఒక్క హాలూ మిగిలేది కాదు. మూడో కోర్టు వారు కాగితాలు చూసి, ఎదుటి పక్షానికి నోటీసు పంపి, మార్చిలో ఒక వాయిదా వేసి, అప్పటిదాకా గోడ కట్టరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఇలాంటి ఉత్తర్వు ఆ వాయిదా దాకానే బతుకుతుంది. ఆ రోజు మళ్లీ అడిగి పొడిగించుకోవాలి. మరుసటి వారమే రాజయ్య రెండు బండ్ల రాయి తోలించి సంబరపడ్డాడు.

ఆ సంబరంలో నన్ను తార్నాక చౌరస్తా ఇరానీ హోటల్‌కు తీసుకుపోయి చాయ్ ఇప్పించాడు. కానీ మనిషికి దిగులు పోలేదు. వాయిదా నాడు జడ్జి కాదంటే ఏమిటని మళ్లీ మళ్లీ అడిగాడు. దానికి నేను చెప్పవలసిన జవాబు చాలా చిన్నది: బాట గుర్తు ఉన్న లేఅవుట్ నక్ష మన దగ్గర ఉంది, అదే మన బలం. అంతే చెప్పి చాయ్ తాగి రావలసింది. కానీ నోటికి దురద పుట్టింది. జడ్జిగారి పేరు పెట్టి చెప్పి, ఇలా అన్నాను: "ఫికర్ పెట్టుకోకుండ్రి రాజయ్య గారు. ఆయన మా సార్ శిష్యుడే. సార్ ఇంట్ల రొట్టె తిని చదువుకున్నోడు. సార్ నిలబడి అడిగితె కాదంటడా?"

రాజయ్య ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నాకు నేను పెద్ద వకీలులా అనిపించాను. పెదవి దాటితే పృథ్వి దాటుతుందన్నారు. రాజయ్య ఆ మాటను ధైర్యం కోసం భార్యకు, ఆదివారం ప్రార్థన అయ్యాక బావమరిదికి చెప్పాడు. బావమరిది చాయ్ బండి దగ్గర చెప్పాడు. అక్కడ పక్క ప్లాటు ఆసామి మేస్త్రీ ఉన్నాడు.

మార్చి వాయిదాకు రెండు రోజుల ముందు ఎదుటి వకీలు ఖాదర్ సాబ్ బార్ రూములో మా దగ్గరికి వచ్చారు. మా సార్ కంటే వయసులో చిన్న, కోర్టులో నిప్పులాంటి మనిషి. చేతిలో ఒక టైపు కాగితాల కట్ట ఉంది. అది కేసును మూడో కోర్టు నుంచి వేరే కోర్టుకు మార్చమని చీఫ్ జడ్జికి పెట్టే దరఖాస్తు. ఫలానా హోటల్లో ఫలానా జూనియర్ ఇలా అన్నాడు కాబట్టి తమకు ఆ కోర్టులో న్యాయం జరుగుతుందన్న నమ్మకం లేదని దానికి జతపరచిన అఫిడవిట్‌లో ఉంది. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి రాసి ఇచ్చే వాంగ్మూలం. సార్ నిలబడే చదివారు. ఖాదర్ సాబ్ మెల్లగా, "రావు సాబ్, దాఖలు చేసే ముందు మీ చేతిల పెట్టాలనుకున్న. నా పార్టీ ఒట్టు పెట్టుకొని చెప్తున్నడు. ఇది అబద్ధమని మీరంటే నేను దాఖలు చెయ్య," అన్నారు.

సార్ నా వైపు తిరిగారు. "అన్నవా?" అని మాత్రం అడిగారు.

ఆ రోజు హోటల్లో మా బల్ల దగ్గర రాజయ్య, నేను తప్ప మూడో మనిషి లేడు. లేదు అనడానికి నాకు అడ్డమేమీ లేదు. అంటే నా కొలువు, నా కోటు రెండూ నిలిచేవి. కోర్టును కించపరచిన వకీలును బార్ కౌన్సిల్ పిలిచి విచారిస్తుంది. పేరు కూడా కొట్టివేయవచ్చు. వ్యవసాయం చేసుకునే మా ఇంట్లో నల్లకోటు వేసుకున్న మొదటివాణ్ని నేను. ఇవన్నీ ఒక్క క్షణంలో తలలో తిరిగాయి. కానీ ఆయన అడిగిన తీరులో అబద్ధానికి చోటు లేదు. అన్నానని ఒప్పుకున్నాను.

సార్ కాగితాలు మడిచి ఖాదర్ సాబ్ చేతికి తిరిగి ఇచ్చారు. "దాఖలు చెయ్యండి. మా ఆఫీసుల నుంచి పోయిన మాటనే అది," అన్నారు.  ఖాదర్ సాబ్ సలాం చేసి వెళ్లిపోయారు.

సాయంత్రం ఆఫీసులో నేను తెలివి ప్రదర్శించబోయాను. బదిలీ దరఖాస్తు పెట్టినంత మాత్రాన మూడో కోర్టు చేతులు కట్టేసినట్టు కాదు, ఎల్లుండి ఉత్తర్వు పొడిగించమని అడగడానికి చట్టం అడ్డు రాదు అన్నాను. ప్రొసీజర్ ప్రకారం నేనన్నది సరైనదే. సార్ గొంతు పెంచలేదు. ఆయన కోపం వస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు.

"అడగొచ్చు. ఆయన ఇస్తె గురువు కోసం ఇచ్చిండంటరు. ఇయ్యకుంటె దరఖాస్తుకు భయపడి ఇయ్యలేదంటరు. ఇంక ఆయన చట్టం చూసి ఏం చేసినా నమ్మేటోడు లేడు. కుర్చీని ఆ గతికి తెచ్చినంక, మళ్ల మనమే పోయి దాని ముందట చెయ్యి చాస్తమా?"

నాకు ఆ మాట తగిలింది. అప్పటిదాకా నేను చేసిన తప్పు రాజయ్యకు, సార్‌కు, నాకు సంబంధించిందే అనుకుంటున్నాను. బెంచి మీద ఉన్న మనిషి నుంచి నేను ఏం లాక్కున్నానో అప్పుడు తెలిసింది. ఆయన రెండు వైపులా చూసి ఒకటి ఎంచుకునే స్వేచ్ఛను నేను చాయ్ కప్పు ముందర కూర్చుని పాడు చేశాను.

చీఫ్ జడ్జి ముందు పెట్టడానికి నా అఫిడవిట్ నన్నే రాయమన్నారు. నేను జాగ్రత్తగా రాశాను. జడ్జిగారు ఒకప్పుడు మా సార్ విద్యార్థి అన్న వాస్తవాన్ని మాత్రమే చెప్పానని, అందులో దురుద్దేశం లేదని, ఎదుటివారు గోరంతను కొండంత చేశారని. సార్ చదివి, పెన్సిలుతో మొత్తం మీద ఒక అడ్డగీత గీశారు. "నిజమే చెప్పిన అంటవు. మరి ఆ నిజం రాజయ్యకు ఎందుకు చెప్పినవు? అది రాయి," అన్నారు.

మూడుసార్లు రాశాను. నాలుగోసారి రాసింది ఇప్పటికీ నోటికి వస్తుంది. కోర్టు మాకు అనుకూలంగా ఉంటుందని నా కక్షిదారు నమ్మాలని, ఆ నమ్మకం వల్ల నేను అతని కళ్లకు పెద్దవాణ్నిగా కనిపించాలని ఆ మాట అన్నాను. దానికి ఆధారం ఏమీ లేదు. మా సీనియర్, ఆ కోర్టు వారు ఒకరితో ఒకరు కోర్టు బయట మాట్లాడడం నేను ఎన్నడూ చూడలేదు. ఆఖరి వాక్యం రాస్తున్నప్పుడు ఆర్ట్స్ కాలేజీ మెట్లు, హాస్టళ్ల వెనక బండల బాట గుర్తుకొచ్చి కలం ఆగింది. ఆ వాక్యం ప్రమాణం చేసి రాయగలిగానంటే, అది సార్ ఏడాదిగా మోకాళ్ల నొప్పితో నడిచిన నడక వల్లే. మనసులో ఆయనకు దండం పెట్టుకున్నాను. పైకి పెట్టే ధైర్యం లేకపోయింది.

మరుసటి రోజు రాజయ్యను పిలిపించి సార్ ఉన్నదున్నట్టు చెప్పారు. కావాలంటే ఫైలు తీసుకుని వేరే వకీలు దగ్గరికి పోవచ్చని, తానే మంచి వకీలును చూపిస్తానని కూడా అన్నారు. రాజయ్య తల వంచుకుని విన్నాడు. ఆ మాట ఊరంతా తిప్పింది తానే కాబట్టి తనదీ తప్పేనన్నాడు. సార్ ఒప్పుకోలేదు. నీది కాదు, నీకు చెప్పినవాడిది అని నా ముందే అన్నారు. రాజయ్య ఫైలు తీసుకోలేదు.

వాయిదా నాడు మూడో కోర్టు హాలు నిండింది. ఇలాంటి కబురు బార్ రూములో దాగదు. మా కేసు పిలవగానే సార్ లేచారు. నేను వెనక బెంచీలో ఉన్నాను, నా వెనక రాజయ్య. సార్ ఇంగ్లీషులో, ఎప్పటి గొంతుతోనే, నాలుగైదు వాక్యాలు మాట్లాడారు. బదిలీ దరఖాస్తులో రాసిన మాటలు తన ఆఫీసు నుంచి వెళ్లినవేనని, జూనియర్ నోరు సీనియర్ బాధ్యత అని, ఈ కోర్టును అనుమానం పాలు చేసినందుకు నిండు కోర్టులో క్షమాపణ చెప్పుకుంటున్నానని, బదిలీకి తనకు అభ్యంతరం లేదని, ఈ రోజు ఈ కోర్టును ఏ ఉత్తర్వూ అడగనని అన్నారు. తల వంచి, అలాగే నిలబడి ఉన్నారు.

జడ్జిగారి చాంబర్‌లో చాటుగా చెప్పుకోవచ్చు కదా అని తర్వాత ఒక సీనియర్ వకీలు ఆయనను అడిగాడు. చాంబర్‌లో చెబితే అది ఇంకో రొట్టె ముచ్చట అవుతుందని సార్ జవాబు.

జడ్జిగారు చాలాసేపు కాగితం మీద రాసుకున్నారు. తన గురువు తన ముందు తల వంచి నిలబడి ఉంటే ఆ మనిషి మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. ఆ జూనియర్ హాల్లో ఉన్నారా అని అడిగారు. లేచి నిలబడ్డాను.  ఆయన నన్ను చూసి, "కూర్చోండి," అన్నారు. అంతే.

ఉత్తర్వు ఆ రోజుతో చచ్చిపోతుంది. పునాది తవ్వి ఉంది. గోడకు ఒక్క రాత్రి చాలు. అప్పుడు ఖాదర్ సాబ్ లేచారు. తన కక్షిదారును పక్కకు పిలిచి ఏదో మాట్లాడి వచ్చారు. బదిలీ విషయం తేలి కొత్త కోర్టు వినేదాకా తమ వాళ్లు గోడ కట్టరని హామీ ఇచ్చారు. అయితే రాజయ్య కూడా ఆ బాటలో బండ్లు తోలకూడదని షరతు. సార్ వెనక్కి తిరిగి రాజయ్యను చూశారు. రాజయ్యకు ఆ షరతు అర్థమైంది. బండ్లు లేకపోతే ఇటుకలు లేవు, ఇటుకలు లేకపోతే వానల లోపల కప్పు లేదు. తల ఊపాడు. జడ్జిగారు ఇరుపక్షాల మాటలూ రికార్డు చేసి, ఫైలును చీఫ్ జడ్జికి పంపారు. చీఫ్ జడ్జి ఏప్రిల్‌లో కేసును వేరే కోర్టుకు మార్చారు. మూడో కోర్టు నడతలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదని అదే ఉత్తర్వులో రాసి, నన్ను గట్టిగా మందలించి వదిలారు.

సార్ నన్ను తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు. వేసవి సెలవుల దాకా, మా కేసు ఉన్నా లేకపోయినా, రోజూ మూడో కోర్టులో కూర్చోవాలని, బెంచి లేచేదాకా లేవకూడదని చెప్పారు. మొదట్లో అది శిక్షలాగే ఉంది. వారం తిరిగేసరికి చూడడం మొదలుపెట్టాను. కిరాయి తగాదాలు, భాగాల పంపకాలు, సాక్షుల పొంతన లేని మాటలు. ఉర్దూలో మాట్లాడే ముసలివాణ్ని ఉర్దూలో, తెలుగువాణ్ని తెలుగులో అడిగి, ఇంగ్లీషులో తన చేత్తో వాంగ్మూలం రాసుకునేవారు. నత్తివాడు చెప్పేదీ నోరున్నవాడు చెప్పేదీ ఒకే ఓపికతో వినేవారు. ఒకరోజు మా సార్ వేరే కేసులో చిన్న వాయిదా అడిగితే, కారణం చాలదని కాదన్నారు. సార్ తల వంచి, అప్పటికప్పుడు సాక్షిని పిలిచి కేసు నడిపించారు. బయటికి వచ్చాక సార్ ముఖంలో సంతోషం దాగలేదు. వాయిదా దొరకనందుకు సంతోషించిన వకీలును నేను మళ్లీ చూడలేదు. సార్ నిలబడి అడిగితే కాదంటడా అని హోటల్లో అన్న నా మాటకు ఆ రోజు నా కళ్ల ముందే జవాబు దొరికింది.

ఏప్రిల్ ఆఖరులో ఒక మధ్యాహ్నం, భోజనం వేళ దగ్గర పడుతుండగా, హాల్లో నేను ఒక్కణ్నే మిగిలాను. బెంచి మీద ఆయన ఏదో తీర్పు సరిచూసుకుంటున్నారు. అరగంట గడిచింది. ఎవరూ రాలేదు, నేను కదలలేదు. చివరికి ఆయన తలెత్తి, "వకీలు గారూ, మీకు వేరే పని ఉంటే వెళ్లవచ్చు," అన్నారు. ఆఖరి వకీలుకు కోర్టు ఇచ్చే సెలవు అది. లేచి, తల వంచి, బయటికి వచ్చాను. వకీలుగా నాకు అసలైన సనదు ఆ మధ్యాహ్నమే దొరికిందని నా నమ్మకం.

కొత్త కోర్టు ఆగస్టులో వాదనలు విని, లేఅవుట్ నక్ష చూసి, బాట రాజయ్యకు ఉండవలసిందేనని ఇంజంక్షన్ ఖాయం చేసింది. గెలిపించింది ఆ నక్ష. అది మొదటి రోజు నుంచీ మా బీరువాలోనే ఉంది. కానీ రాజయ్య అప్పటికే క్వార్టరు ఖాళీ చేసి బౌద్ధనగర్‌లో ఒక్క గదిలోకి మారాడు. క్షమాపణ చెప్పుకుందామని ఒకరోజు ఆ గదికి వెళ్లాను. కప్పు కారి సగం గదిలో గిన్నెలు పెట్టి ఉన్నాయి. రాజయ్య లేచి నాకు కూర్చోవడానికి చోటు చూపించాడు. అతని భార్య నాకు చాయ్ ఇచ్చి, "నీ ఒక్క మాటకు మేము ఒక వానకాలం ఇట్ల గడిపినం బిడ్డా," అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ డిసెంబర్‌లో, పండుగకు ముందు, కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకుని మమ్మల్ని పిలిచారు. సార్‌తో పాటు వెళ్లాను.

ఈ మధ్యలో, అక్టోబరులో, మూడో కోర్టు వారికి దూరపు జిల్లాకు బదిలీ అయింది. సార్ అక్కడికి వెళ్లి ఎన్నడూ ప్రాక్టీసు చేయరు. చార్జి అప్పగించిన మరుసటి సాయంత్రం నేను ఆఫీసు గదిలో దావా ప్రతి రాస్తుండగా గేటు చప్పుడైంది. కోటు లేదు, టై లేదు, తెల్లటి చొక్కాతో ఆయన నిలబడి ఉన్నారు. లోపలికి అడుగు పెట్టలేదు, పెట్టవచ్చో లేదో అన్నట్టు గేటు పట్టుకుని ఆగిపోయారు. సార్ వరండాలోకి వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని, ఆయనను పేరు పెట్టి పిలిచారు. రెండేళ్లలో ఆ ఇంట్లో ఒక జడ్జి పేరు వినడం నాకు అదే మొదటిసారి. "ఏమయ్యా, గాడనే నిలబడ్డవేంది? అమ్మ రొట్టెలు చేస్తున్నది, రా," అన్నారు.

రొట్టెలయ్యాక ఇద్దరూ క్యాంపస్ వైపు నడకకు వెళ్లారు. బండల బాటన కాదు, ఆర్ట్స్ కాలేజీ దారినే. ఇద్దరూ అప్పుడే గొంతులు పెంచి ఏదో సెక్షన్ మీద తగాదా పడుతున్నారు. వాళ్లు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి చూశాను.

ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేశాను. నా దగ్గర చేరిన ప్రతి జూనియర్‌కూ మొదటి రోజు ఒక్కటే చెప్పాను: కక్షిదారుకు నక్ష చూపించు, చట్టం చూపించు, జడ్జిని చూపించకు. కొందరు నవ్వుకున్నారు, నేను నవ్వుకున్నట్టే. మా ఆఫీసులో చివరిదాకా కోర్టులకు నంబర్లే ఉన్నాయి. ఇంత రాసినా ఆయన పేరు ఎక్కడా రాయలేదని మీరు గమనించే ఉంటారు. ఆ పేరు నేను కోర్టు బయట ఒక్కసారే పలికాను, ఇరానీ హోటల్లో. ఒక్కసారి చాలు.